కర్బనానికి అంటు కట్టే కరెంటు

షుగర్ మిషన్ ఇప్పుడు చాలా ఇళ్లలో థర్మామీటర్ అంత మామూలు వస్తువు. వేలి కొసన సూదితో గుచ్చి, వచ్చిన రక్తపు చుక్కను స్ట్రిప్ అంచుకు తాకిస్తే కొద్ది సెకన్లలో అంకె కనిపిస్తుంది. అంకె రాసుకున్నాక స్ట్రిప్‌ను చెత్తబుట్టలో వేస్తారు. ఆ స్ట్రిప్పుల్లో చాలావాటి మీద సన్నటి నల్లటి చారలు ఉంటాయి. అవి కర్బనం కలిపిన సిరాతో అచ్చువేసిన ఎలక్ట్రోడ్లు. పరీక్ష అంతా జరిగేది వాటి మీదే.

గ్లూకోజ్‌కు ఇంత తేలికైన పరీక్ష ఉన్నప్పుడు మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్‌కు, గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్‌కు, బోరు నీటిలోని సీసానికి ఇంతే చవకగా, ఇంతే సులువుగా ఇంటింటా వాడే స్ట్రిప్ ఎందుకు రాలేదు? దీనికి ఒకే కారణం లేదు. కానీ కారణాల్లో ముఖ్యమైనది ఆ నల్లటి చార ఉపరితలం మీద ఉంది. అక్కడ ఏ అణువు కూర్చుంది, ఎంత గట్టిగా కూర్చుంది, ఎన్ని కూర్చున్నాయి అన్న మూడు ప్రశ్నలకు సరైన జవాబు దొరికితేనే కర్బనం ఒక మంచి పరీక్షా పరికరం అవుతుంది. ఈ మూడింటిలో మొదటి రెంటికి గట్టి జవాబు ఇచ్చింది ఎలక్ట్రోకెమిస్ట్రీ. మూడోదానితో ఇంకా కుస్తీ పడుతోంది.

గ్లూకోజ్ ఎందుకు తేలిక?

గ్లూకోజ్ విషయంలో రెండు అదృష్టాలు కలిసొచ్చాయి. మొదటిది, రక్తంలో అది పుష్కలంగా ఉంటుంది. ఆరోగ్యవంతుల రక్తంలో లీటరుకు సుమారు ఒక గ్రాము. రెండోది, గ్లూకోజ్‌ను మాత్రమే గుర్తుపట్టి దాని నుంచి ఎలక్ట్రాన్లను లాగే గట్టి ఎంజైములు ప్రకృతిలోనే ఉన్నాయి. ఎంజైమును ఎలక్ట్రోడ్‌తో జతచేసి రక్తంలోని గ్లూకోజ్‌ను కొలవవచ్చని లేలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ 1962లో ప్రతిపాదించారు. 1980లలో ఫెర్రోసీన్ వంటి మధ్యవర్తి అణువులు వచ్చాయి. ఇవి ఎంజైము దగ్గర ఎలక్ట్రాన్ తీసుకుని కర్బనానికి చేరవేస్తాయి. అలా ఇంట్లో వాడే స్ట్రిప్ సాధ్యమైంది.

ఈ స్ట్రిప్‌లో ఎంజైమునూ మధ్యవర్తినీ కర్బనం మీద గట్టిగా బిగించాల్సిన పని లేదు. ద్రావణాన్ని పూసి ఆరబెడితే చాలు. రక్తపు చుక్క తగలగానే ఆ పొడి కరుగుతుంది, చర్య జరుగుతుంది, కరెంటు కొలుస్తారు, స్ట్రిప్‌ను పారేస్తారు. కరిగిపోవడమే దాని పని.

ట్రోపోనిన్ అలా కాదు. ఆరోగ్యవంతుల రక్తంలో అది లీటరుకు కొన్ని నానోగ్రాములే ఉంటుంది. బరువులో చూస్తే గ్లూకోజ్ కంటే దాదాపు పది కోట్ల రెట్లు తక్కువ. దాన్ని పట్టుకోవాలంటే యాంటీబాడీ వంటి గాలం కావాలి. ఆ గాలం ఎలక్ట్రోడ్‌ను విడవకుండా ఉండాలి. రక్తం పోసినా, కడిగినా, వోల్టేజీ మార్చినా ఊడిరాకూడదు. గాలాల్లో సగం కొట్టుకుపోతే పరీక్ష చెప్పే అంకెకు విలువే ఉండదు. రోజుల తరబడి శరీరానికి అంటిపెట్టుకుని గ్లూకోజ్‌ను కొలిచే పరికరాలకూ ఇదే షరతు. అక్కడ ఎంజైము కరిగిపోతే పరికరం చచ్చినట్టే. అందుకే వాటిలో ఎంజైమును పాలిమర్ వలలో బంధించి ఉంచుతారు.

కర్బనం మంచితనమే ఇబ్బంది

ఎలక్ట్రోడ్‌గా కర్బనానికి ఉన్న సుగుణాలు చాలా. చవక. కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది. ఆమ్లాలకూ క్షారాలకూ తట్టుకుంటుంది. నీటిలో ఇటు ఆక్సీకరణం వైపు, అటు క్షయకరణం వైపు చాలా దూరం వరకు తను మారకుండా నిలబడుతుంది. పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్, ల్యాబుల్లో వాడే గాజులాంటి నున్నటి కర్బనం, నారలు, నానో గొట్టాలు, సిరా అంటూ ఎన్నో రూపాల్లో దొరుకుతుంది.

అయితే దేనితోనూ తొందరగా కలవని గుణమే ఇక్కడ అడ్డంకి. దాని మీద ఒక అణువును నిలబెట్టాలంటే పట్టు దొరకదు. పూసి ఆరబెడితే కడిగినప్పుడు పోతుంది. కర్బనపు షడ్భుజాల మీద బెంజీన్ వలయాలున్న అణువులు పళ్లెం మీద పళ్లెంలా పరుచుకుంటాయి కానీ ఆ పట్టు బలహీనం. గాఢ నైట్రిక్ ఆమ్లంలో మరిగించి ఉపరితలాన్ని ఆక్సీకరించి, అక్కడ పుట్టిన ఆమ్ల సమూహాలకు అణువులను తగిలించవచ్చు. అది మొరటు పద్ధతి. ఉపరితలం గరుకుబారుతుంది. ఏయే సమూహాలు ఎన్ని పుట్టాయో అదుపులో ఉండదు.

బంగారం విషయంలో ఈ చిక్కు లేదు. గంధకపు కొస ఉన్న అణువులను ద్రావణంలో వేసి బంగారపు రేకును అందులో ముంచి ఉంచితే, అవి వాటంతట అవే సిపాయిల్లా వరసగా నిలబడతాయి. అందుకే జీవ సెన్సర్ల పరిశోధనలో బంగారం ఎక్కువగా కనిపిస్తుంది. కానీ ఆ పట్టుకూ పరిమితులున్నాయి. వోల్టేజీ మరీ అటో ఇటో పోతే గంధకం బంగారాన్ని వదిలేస్తుంది. గాలిలో నెమ్మదిగా ఆక్సీకరణం చెందుతుంది. వేడికి చెదురుతుంది. పైగా అది బంగారం. లక్షల స్ట్రిప్పులు తయారుచేసేటప్పుడు లోహం ధర కూడా లెక్కలోకి వస్తుంది.

కాబట్టి కావలసింది కర్బనానికీ అణువుకూ మధ్య నిజమైన రసాయన బంధం. పూత కాదు, అంటు. మామిడి తోటల్లో టెంక నుంచి మొలిచిన మొక్కకు బంగినపల్లి కొమ్మను అంటు కడతారు. వేరు ఒకదానిది, కాపు ఇంకొకదానిది. రెండింటి కణజాలం కలిసిపోయాక అది ఒకే చెట్టు. ఇక్కడా అంతే. కరెంటు మోసే పని కర్బనానిది, గుర్తుపట్టే పని అణువుది. మధ్యలో ఉండేది బంధం.

రంగుల అద్దకం నుంచి వచ్చిన లవణం

ఆ అంటును కట్టే అణువు ఇంటర్మీడియట్‌లో రసాయన శాస్త్రం చదివిన వారందరికీ పాత పరిచయమే. అనిలిన్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, పరీక్షనాళికను మంచులో పెట్టి, సోడియం నైట్రైట్ ద్రావణం చుక్క చుక్కగా కలుపుతారు. ఆ తర్వాత క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్‌ను పోస్తే ఎర్రటి నారింజ రంగు విరుస్తుంది. మంచులో క్షణకాలం బతికిన ఆ మధ్య పదార్థమే డయజోనియం లవణం.

జర్మనీలో పుట్టిన పీటర్ గ్రీస్ 1858లో ఈ రకం పదార్థాలను వెలుగులోకి తెచ్చాడు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి ఒక బీరు కర్మాగారంలో రసాయన శాస్త్రవేత్తగా ఉద్యోగం చేస్తూ ఆ పరిశోధన కొనసాగించాడు. ఆయన కనిపెట్టినదాని మీద అజో రంగుల పరిశ్రమ నిలబడింది. నేటికీ బట్టల అద్దకంలో వాడే రంగుల్లో పెద్ద వాటా వీటిదే.

డయజోనియం అణువులో బెంజీన్ వలయానికి రెండు నైట్రోజన్ పరమాణువులు తగిలి, మొత్తానికి ధనావేశం ఉంటుంది. ఆ రెండు నైట్రోజన్లకు ఎప్పుడెప్పుడు వలయాన్ని వదిలి వాయువుగా వెళ్లిపోదామా అన్నట్టుంటుంది. గాలిలో ఉండే నైట్రోజన్ అణువు అంత స్థిరమైనది మరి. ఈ వదిలిపోయే ఆత్రమే డయజోనియంను చురుకైన పదార్థంగా, ఎండిన రూపంలో ప్రమాదకరమైనదిగా చేస్తుంది. చాలా డయజోనియం లవణాలు ఎండితే పేలిపోగలవు. అందుకే ల్యాబుల్లో కాస్త నిలకడైన టెట్రాఫ్లోరోబోరేట్ లవణాలను వాడతారు, లేదా ఎప్పటికప్పుడు ద్రావణంలోనే తయారుచేసుకుని అక్కడే ఖర్చుపెడతారు.

పారిస్‌లో 1992

రంగుల పరిశ్రమ పుట్టిన నూరేళ్లకు పైగా గడిచాక ఈ లవణానికి ఇంకో ఉపయోగం బయటపడింది. పారిస్‌లో జాఁ పాన్సోఁ, జాఁ-మిషెల్ సావేయాఁ, వారి సహచరులు డయజోనియం ద్రావణంలో కర్బన ఎలక్ట్రోడ్‌ను ముంచి క్షయకరణం జరిపితే, బెంజీన్ వలయాలు కర్బనం మీద సమయోజనీయ బంధంతో నిలిచిపోతాయని 1992లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు.

జరిగేది ఇది. ఎలక్ట్రోడ్‌కు తగిన వోల్టేజీ ఇస్తే దాని ఉపరితలం దగ్గరికి వచ్చిన డయజోనియం అణువుకు ఒక ఎలక్ట్రాన్ అందుతుంది. డయజోనియం ఎలక్ట్రాన్‌ను చాలా తేలిగ్గా తీసుకుంటుంది కాబట్టి పెద్ద వోల్టేజీ అక్కర్లేదు. ఎలక్ట్రాన్ అందగానే నైట్రోజన్ జంట వాయువుగా విడిపోతుంది. మిగిలింది ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న బెంజీన్ వలయం, అంటే ఫ్రీ రాడికల్. దానికి ఎంత ఆకలంటే దగ్గర్లో ఏది దొరికితే దానితో బంధం కట్టేస్తుంది. దానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది తను పుట్టిన కర్బనపు ఉపరితలమే. మామూలుగా దేనితోనూ కలవని కర్బనం కూడా ఈ ఆకలి ముందు లొంగిపోతుంది.

ఈ పద్ధతిలోని అసలు తెలివి ఇక్కడే ఉంది. అంత చురుకైన రాడికల్‌ను సీసాలో దాచలేం, చెంచాతో పోయలేం. దాన్ని సరిగ్గా అవసరమైన చోట, అవసరమైన క్షణంలో పుట్టించాలి. కరెంటు చేసే పని అదే. వోల్టేజీ ఇచ్చిన ఎలక్ట్రోడ్ మీదే రాడికల్ పుడుతుంది, పక్కనున్న ఎలక్ట్రోడ్ మీద పుట్టదు. ఒకే చిప్ మీద నాలుగు కర్బన చారలుంటే ఒక్కోదానికి విడివిడిగా వోల్టేజీ ఇచ్చి, నాలుగింటి మీద నాలుగు వేర్వేరు అణువులను నిలబెట్టవచ్చు. పూత పద్ధతిలో ఇంత గురి కుదరదు.

బెంజీన్ వలయానికి అవతలి కొసన ఏ సమూహాన్ని పెట్టాలన్నది తయారుచేసేవారి ఇష్టం. ఆమ్ల సమూహం ఉంటే దానికి ప్రొటీన్‌లోని అమీన్‌ను తగిలించవచ్చు. నైట్రో సమూహం ఉంటే దాన్ని తర్వాత కరెంటుతోనే అమీన్‌గా మార్చి, దానికి డీఎన్ఏ పోగును కట్టవచ్చు. బెంజీన్ వలయం ఒక కొక్కెం. దానికి ఏది తగిలించాలో తర్వాత నిర్ణయించుకోవచ్చు.

గ్రాఫ్ చెప్పే సాక్ష్యం

అణువులు నిజంగా అంటుకున్నాయని ఎలా తెలుస్తుంది? వాటిని కంటితో చూడలేం. కానీ ఎలక్ట్రోకెమిస్ట్రీ ల్యాబులో మొదటి సాక్ష్యం కొన్ని సెకన్లలోనే దొరుకుతుంది. వోల్టేజీని నెమ్మదిగా ఒకవైపు జరిపి మళ్లీ వెనక్కి తెస్తూ కరెంటును గీస్తారు. దీన్నే సైక్లిక్ వోల్టామెట్రీ అంటారు. మొదటిసారి జరిపినప్పుడు డయజోనియం ఎలక్ట్రాన్లు తీసుకుంటున్న చోట వెడల్పాటి శిఖరం వస్తుంది. రెండోసారి జరిపితే అదే చోట దాదాపు ఏమీ ఉండదు. ద్రావణంలో డయజోనియం ఇంకా నిండుగానే ఉంది. మరి కరెంటు ఎందుకు రాలేదు? ఎలక్ట్రోడ్ ముఖం మీద తెర పడింది కనుక. కొత్తగా వచ్చిన అణువులకు కర్బనం అందడం లేదు.

ఎలక్ట్రోడ్ ముఖం ఇలా మూసుకుపోవడం ఎలక్ట్రోకెమిస్టులకు మామూలుగా తలనొప్పి. ఎలక్ట్రోడ్ పాడైందని దాన్ని మళ్లీ అరగదీసి మెరుగుపెడతారు. ఇక్కడ మాత్రం ఆ పాడవడమే ఫలితం.

తర్వాతి సాక్ష్యం కడగడం. ఎలక్ట్రోడ్‌ను ద్రావణంలోంచి తీసి, వేరే ద్రావకంలో ముంచి, అల్ట్రాసౌండ్‌తో కుదిపి కడుగుతారు. ఊరికే పరుచుకున్నవి పోతాయి. బంధం కట్టినవి ఉంటాయి. నైట్రో సమూహం ఉన్న అణువులైతే లెక్క కూడా తేలుతుంది. కడిగిన ఎలక్ట్రోడ్‌ను డయజోనియం లేని శుభ్రమైన ద్రావణంలో పెట్టి వోల్టేజీ జరిపితే, ఉపరితలం మీదున్న నైట్రో సమూహాలు ఎలక్ట్రాన్లు తీసుకుంటూ తమ శిఖరాన్ని తామే గీస్తాయి. ఆ శిఖరం కింద ఎంత ఆవేశం ఉందో కొలిస్తే ఎన్ని అణువులున్నాయో తెలుస్తుంది.

నైట్రోఫెనైల్ అణువులు ఖాళీ లేకుండా ఒకే వరసలో నిలబడితే చదరపు సెంటీమీటరుకు దాదాపు 1.2 నానోమోల్‌లు పడతాయని లెక్క. అంటే సుమారు ఏడు కోట్ల కోట్ల అణువులు. వినడానికి పెద్ద సంఖ్యే కానీ ఒక్కో అణువుకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున వీటన్నిటికీ కావలసిన ఆవేశం సుమారు 120 మైక్రోకూలుంబులు. ఒక మిల్లీ ఆంపియర్ కరెంటు సెకనులో పదో వంతుకు కాస్త ఎక్కువసేపు ప్రవహిస్తే సరిపోయేంత.

అంటు మీద అంటు

ఈ లెక్క దగ్గరే అసలు సమస్య బయటపడుతుంది. ప్రయోగాల్లో కొలిచినప్పుడు ఒక వరసకు పట్టేదానికంటే ఎక్కువ అణువులు కనిపించడం సర్వసాధారణం. ఒక్క వరస అయితే పొర మందం ఒక నానోమీటరు లోపే ఉండాలి. కానీ జాగ్రత్త పడకపోతే కొన్ని నానోమీటర్ల నుంచి పదుల నానోమీటర్ల దాకా పెరుగుతుంది.

కారణం ఆ రాడికల్ ఆకలే. కర్బనాన్ని సైతం లొంగదీసుకునే రాడికల్‌కు, అప్పటికే కర్బనం మీద నిలబడ్డ బెంజీన్ వలయం ఇంకా తేలికైన ఎర. వెళ్లి దానికే అంటుకుంటుంది. దానికి మరొకటి, దానికి ఇంకొకటి. అంటు మీద అంటు పడి చివరికి చిక్కుపడ్డ పొదలా తయారవుతుంది. మధ్యమధ్యలో కొన్ని అణువులు నైట్రోజన్‌ను వదలకుండానే కలిసి, అజో బంధాలతో పొదను మరింత బిగిస్తాయి. బట్టలకు రంగునిచ్చే బంధమే ఇక్కడ పిలవని పేరంటం.

పొద పెరిగితే రెండు నష్టాలు. ఒకటి, ఎలక్ట్రాన్లకు దారి మూసుకుపోతుంది. గాలానికి చేప పడినా ఆ కబురు కర్బనానికి చేరదు. రెండోది, ఏ రెండు ఎలక్ట్రోడ్లూ ఒకేలా ఉండవు. ఒకదాని మీద మూడు నానోమీటర్లు, ఇంకోదాని మీద ఎనిమిది అయితే ఒకే రక్తపు నమూనాకు రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. ఒక్క ఎలక్ట్రోడ్‌తో పరిశోధనా పత్రం రాయవచ్చు. రోగికి మందు మోతాదు మార్చడానికి మాత్రం ప్రతి స్ట్రిప్పూ ఒకే మాట చెప్పాలి.

అందుకే ఈ రంగంలో చాలా కృషి పొదను ఎలా కత్తిరించాలన్న దాని మీదే జరిగింది. పొదుపు మొదటి మార్గం: డయజోనియం గాఢతను తగ్గించి, వోల్టేజీని క్షణకాలమే ఇచ్చి, లెక్కించినంత ఆవేశం పోగానే ఆపేయడం. రెండో మార్గం వలయం పక్కన బరువైన సమూహాలను పెట్టడం. అవి రెండో రాడికల్‌ను దగ్గరికి రానివ్వవు. మూడో మార్గం అణువు కొసకు ఉబ్బెత్తు టోపీ తొడిగి, అంటు కట్టడం పూర్తయ్యాక ఆ టోపీని రసాయనంతో తీసేయడం. టోపీలు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దూరంలో అణువులు నిలుస్తాయి కాబట్టి, అవి తీసేశాక ఒక్క వరసే మిగులుతుంది. నాలుగోది ద్రావణంలో రాడికల్‌ను మింగే పదార్థాన్ని కలపడం. కర్బనం పక్కనే పుట్టినవి ముందుగా కర్బనానికి అంటుకుంటాయి, దూరంగా తిరిగేవాటిని ఆ పదార్థం మింగేస్తుంది.

ప్రతి మార్గానికీ ఒక మూల్యం ఉంది. టోపీ ఉన్న అణువును ముందు తయారుచేయాలి, తర్వాత టోపీ తీయాలి. రెండు అదనపు దశలు. ఆవేశాన్ని లెక్కించి ఆపే పద్ధతి తేలికే కానీ, ఆ ఆవేశంలో కొంత బంధం కట్టకుండానే ద్రావణంలో వృథా అయిన రాడికల్స్‌కు పోతుంది. పట్టు ఎంత గట్టిదో అదుపు అంత కష్టం. ఈ పద్ధతికి బలం ఇచ్చిన గుణమే దాని బలహీనత కూడా.

ఎదురు దిక్కున ఇంకో దారి

ఎలక్ట్రాన్ ఇచ్చి అంటు కట్టడం ఒక దిక్కయితే, ఎలక్ట్రాన్ లాక్కుని అంటు కట్టడం రెండో దిక్కు. డయజోనియం పద్ధతి కంటే రెండేళ్ల ముందే, 1990లో, అమీన్లను ఆక్సీకరించి కర్బన నారల మీద నిలపవచ్చని పాన్సోఁ, ఆయన సహచరులు చూపించారు. అక్కడి అవసరం సెన్సర్లు కాదు. తేలికైన, గట్టి మిశ్రమ పదార్థాల్లో కర్బన నారలను ఎపాక్సీ జిగురులో పొదుగుతారు. నార నున్నగా ఉంటే జిగురు పట్టు జారుతుంది. నార ఒంటికి రసాయన బంధంతో అమీన్లను తగిలిస్తే అవి జిగురుతో చేయి కలుపుతాయి.

అమీన్ నుంచి ఎలక్ట్రాన్ లాగేస్తే, అది ఒక ప్రోటాన్‌ను కూడా వదిలి నైట్రోజన్ మీద ఒంటరి ఎలక్ట్రాన్‌తో మిగులుతుంది. ఆ నైట్రోజనే కర్బనాన్ని పట్టుకుంటుంది. ప్రాథమిక అమీన్లతో ఇది బాగా జరుగుతుంది, ద్వితీయ అమీన్లతో తగ్గుతుంది, తృతీయ అమీన్లతో జరగదు. దీనికి కావలసిన వోల్టేజీ మాత్రం ఎక్కువ. ఆ వోల్టేజీ దగ్గర కర్బనం కూడా కొంత ఆక్సీకరణానికి లోనవుతుంది. అయితే అమీన్లు డయజోనియంలా పేలే సరుకు కావు, సీసాల్లో సిద్ధంగా దొరుకుతాయి. అందుకని అవసరాన్ని బట్టి రెండు దారులూ వాడుకలో ఉన్నాయి.

ల్యాబు దాటిన చోట్లు

ఈ రసాయనం మార్కెట్‌లోకి వచ్చింది ముందుగా వైద్యంలో కాదు, సిరాలో. నల్ల సిరాకు రంగునిచ్చే కార్బన్ బ్లాక్ అనే మసి నీటిలో కలవదు. ముద్దలు కట్టి ప్రింటర్ సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. అమెరికాలోని కేబట్ కార్పొరేషన్ డయజోనియం చర్యతో మసి రేణువుల ఒంటికి నీటిని ఇష్టపడే ఆమ్ల సమూహాలను కట్టే పద్ధతికి 1990లలో పేటెంట్లు పొందింది. ఇక్కడ బయటి నుంచి కరెంటు కూడా అక్కర్లేదు. ఎలక్ట్రాన్‌ను కర్బనమే ఇచ్చేస్తుంది. అలా మారిన మసి ఇంక్‌జెట్ సిరాలకు పనికొచ్చింది.

రెండో ఉదాహరణ సంగీతానిది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మెక్‌క్రీరీ బృందం, కర్బనం మీద ఇదే పద్ధతిలో కొన్ని నానోమీటర్ల అణువుల పొరను పెంచి, దాని మీద మరో వాహకాన్ని పెట్టి ఎలక్ట్రానిక్ భాగాలను తయారుచేసింది. ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని కావాలని చీల్చే పెడళ్లలో వాటిని పెట్టి అమ్మారు. సెన్సర్లకు తలనొప్పిగా ఉన్న మందపు పొరే ఇక్కడ సరుకు.

బ్యాటరీల తమ్ముళ్లనదగ్గ సూపర్ కెపాసిటర్లలోనూ దీనికి చోటుంది. కర్బనానికి క్వినోన్ అణువులను అంటు కడితే అవి అదనంగా ఆవేశాన్ని దాచుకుంటాయి. ఆక్సిజన్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారీకి, కార్బన్ డయాక్సైడ్‌ను పనికొచ్చే పదార్థాలుగా మార్చడానికి వాడే ఉత్ప్రేరకాలను కర్బనం మీద బిగించడానికి కూడా పరిశోధకులు ఈ దారినే ఎంచుకుంటున్నారు.

స్ట్రిప్ దాకా రావాలంటే

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. మధుమేహం ఉన్నవారికి గ్లూకోజ్ ఒక్కటే చూసుకుంటే సరిపోదు. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయేమో కనిపెట్టి ఉండాలి. ఆ పరీక్ష కోసం ఊరి నుంచి పట్నం దాకా వెళ్లి, ఒక రోజు కూలి పోగొట్టుకునే కుటుంబాలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే తేలిపోయే స్ట్రిప్ చాలా పెద్ద తేడా. ఖరీదైన యంత్రం, శీతల గది, శిక్షణ పొందిన టెక్నీషియన్ లేని చోట పనిచేయగలగడమే కర్బన ఎలక్ట్రోడ్ల బలం. ఎలక్ట్రోకెమిస్ట్రీ కోసమే తమిళనాడులోని కారైకుడిలో సీఎస్ఐఆర్ జాతీయ సంస్థ నడుస్తోంది. సెన్సర్ల మీద దేశంలోని ఎన్నో విశ్వవిద్యాలయాల్లో, ఐఐటీల్లో పని జరుగుతోంది. కాబట్టి ఈ విద్య దేశానికి కొత్తదేమీ కాదు.

అయినా ‘చుక్క రక్తంతో ఫలానా జబ్బు గుర్తింపు’ అనే వార్తలు తరచూ వస్తాయి, ఆ స్ట్రిప్పులు మందుల షాపుల్లో మాత్రం కనిపించవు. ఈ తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి అలాంటి వార్త చదివినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు.

పరీక్షించింది దేనిలో? ఉప్పు, నీరు కలిసిన శుభ్రమైన ద్రావణంలోనా, నిజమైన రక్తంలోనా? రక్తంలో లీటరుకు పదుల గ్రాముల ప్రొటీన్లు ఉంటాయి. అవి గాలాల మధ్య ఖాళీల్లో దూరి ఎలక్ట్రోడ్‌ను కప్పేస్తాయి. వాటిని ఆపడానికి, గాలాల పక్కనే నీటిని పట్టుకునే అణువులను కూడా అంటు కట్టాలి. డయజోనియం పద్ధతిలో రెండు రకాలను కలిపి కట్టవచ్చు. కానీ ద్రావణంలో ఏ నిష్పత్తిలో ఉన్నాయో ఉపరితలం మీద అదే నిష్పత్తి వస్తుందన్న హామీ లేదు. ఏది తేలిగ్గా ఎలక్ట్రాన్ తీసుకుంటే దానిదే పైచేయి.

ఎన్ని ఎలక్ట్రోడ్ల మీద చేశారు, వాటి మధ్య తేడా ఎంత? ఎంత తక్కువ మొత్తాన్ని పట్టుకుందన్న అంకె కంటే, వంద స్ట్రిప్పులు ఎంత దగ్గరగా పలికాయన్నది ఎక్కువ విలువైనది.

ఎన్ని నెలలు నిలవుంటుంది, ఎంత వేడిలో? మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో మందుల గిడ్డంగిలో ఉండే వేడికి కర్బనంతో కట్టిన బంధం చెక్కుచెదరదు. దాని కొసన ఉన్న యాంటీబాడీ చెదరవచ్చు. వేరు గట్టిదైనంత మాత్రాన కొమ్మ వాడదని కాదు.

చివరిది, వేలల్లో తయారుచేయగల పద్ధతేనా? ఒక్కో ఎలక్ట్రోడ్‌ను తీగతో తగిలించి, ద్రావణంలో ముంచి, కడిగి, ఆరబెట్టే పని ల్యాబులో చెల్లుతుంది. షీటు మీద వందల చారలను ఒకేసారి అచ్చువేసే కర్మాగారంలో ప్రతి చారకూ ఒకే వోల్టేజీ, ఒకే సమయం, ఒకే ద్రావణం అందేలా చూడటం వేరే ఇంజనీరింగ్. గ్లూకోజ్ స్ట్రిప్‌లో ఆ దశే లేదు, పూసి ఆరబెడితే అయిపోయింది. కొత్త పరీక్ష ఖర్చులో దానితో పోటీ పడాలి.

ఈ నాలుగింటిలో మొదటి రెండూ చివరికి ఒక్క నానోమీటరు మందం దగ్గరికే వచ్చి ఆగుతాయి. అణువును కర్బనానికి విడదీయరానంత గట్టిగా కట్టడం ఎలాగో 1992 నుంచి తెలుసు. కట్టవలసినన్నే కట్టి, అక్కడితో ఆపడం, ఆపిన ప్రతిసారీ అదే చోట ఆపడం ఇప్పటి పని. అంటు కట్టే తోటమాలికి కత్తి పట్టడం కంటే ఎక్కడ కోయాలో తెలియడం ముఖ్యం. ఆ కోత కుదిరిన రోజున షుగర్ మిషన్ పక్కన రెండో డబ్బా, మూడో డబ్బా చేరతాయి.